కొత్తగా గోల్ఫ్ నేర్చుకునే వాళ్ళకి పొడుగు క్లబ్బులు: 5 హైబ్రిడ్, 7 వుడ్ మీద నా రివ్యూ

తీర్పు ముందే రాసేస్తున్నాను, కారణాలు కింద ఉన్నాయి. గోల్ఫ్ క్లబ్బుల్లో పలచటి తల ఉన్నవి ఐరన్లు, పెద్ద తల ఉన్నవి వుడ్లు, రెండింటికీ మధ్యరకం హైబ్రిడ్; ఒక్కో రకంలో నంబరు తగ్గేకొద్దీ క్లబ్ పొడుగు. గోల్ఫ్ కొత్తగా నేర్చుకుంటూ, 7 ఐరన్ దాకా బాగానే కొడుతూ, అంతకన్నా పొడుగు క్లబ్ పట్టుకోగానే బంతి నేల మీదే పాక్కుంటూ పోతున్న వాళ్ళు మీ 4 ఐరన్‌నీ, 3 వుడ్‌నీ బ్యాగులోంచి తీసి ఇంట్లో పెట్టేయండి. వాటి బదులు 25 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, వెనక్కి వాలి ఉండే కోణం) ఉన్న 5 హైబ్రిడ్ కొనండి. ఇంకొంచెం డబ్బుంటే 21 డిగ్రీల 7 వుడ్ కూడా. ఈ రెండూ నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని వానల్లోనూ ఎండల్లోనూ ఆడి చూశాను. హైబ్రిడ్‌కి ఐదుకి ఐదు ఇస్తాను, 7 వుడ్‌కి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో దాని దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

నేను ఉండేది విజయనగరం కంటోన్మెంట్‌లో, ఉద్యోగం బ్యాంకులో. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఆడేది విశాఖలో, ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో. మా మావయ్య అక్కడ మెంబరు, ఆయన వెంట గెస్టుగా వెళ్తాను. ఆదివారం తెల్లవారకుండానే బయల్దేరి తగరపువలస, ఆనందపురం, మధురవాడ దాటుకుని వెళ్ళి, ఎండ ముదరకముందే ఆట ముగించి ఇంటికి రావాలి. కాబట్టి ప్రాక్టీసులో ఎక్కువ భాగం మా డాబా మీదే. ఈ వివరాలన్నీ ఎందుకంటే, రాసేది ఎలాంటి మనిషో తెలియకపోతే క్లబ్ రివ్యూ ఎవరికీ పనికిరాదు. డ్రైవర్‌ని (అన్నిటికన్నా పొడుగు క్లబ్‌ని) గంటకు వంద మైళ్ళ వేగంతో ఊపే కుర్రాడికి నచ్చిన క్లబ్ నా చేతిలో మొరాయిస్తుంది. నాకు నచ్చిన క్లబ్ అతని చేతిలో బంతిని అక్కర్లేనంత ఎత్తుకి లేపేస్తుంది. నాలాగా మెల్లగా ఊపే ఆడవాళ్ళు, యాభై దాటాక ఆట మొదలుపెట్టిన వాళ్ళు, ఒంట్లో పెద్ద బలం లేని వాళ్ళు ఈ రివ్యూని నమ్మొచ్చు.

పొడుగు క్లబ్ కష్టం అని అందరూ అంటారు. ఎందుకు కష్టమో విడదీసి చూస్తే టెన్షన్ సగం పోతుంది. మొదటి కారణం పొడవు. మగవాళ్ళ సెట్‌లో 7 ఐరన్ సుమారు 37 అంగుళాలు ఉంటే డ్రైవర్ 45 దాటుతుంది. చేతికీ క్లబ్ తలకీ మధ్య దూరం పెరిగేకొద్దీ బంతి ఫేస్ మధ్యలో తగలడం కష్టమవుతుంది. రెండోది లాఫ్ట్, ఫేస్ వాలు. అది తగ్గేకొద్దీ బంతి పైకి లేవడానికి వేగం ఎక్కువ కావాలి. ఆ వేగం లేని వాళ్ళు 4 ఐరన్‌తో కొట్టినా 6 ఐరన్‌తో కొట్టినా బంతి దాదాపు ఒక్క చోటే పడుతుంది. మూడో కారణం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఫేస్ కాస్త తెరుచుకుని తగిలితే వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకి వాడే పొట్టి క్లబ్‌తో) పెద్దగా తేడా తెలియదు. దాని వాలు ఎక్కువ కాబట్టి బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి సుడి తిరగడం) బాగా పుట్టి, బంతి పక్కకి వంగడం తక్కువగా ఉంటుంది. అదే ఫేస్, అదే స్వింగ్ డ్రైవర్‌తో అయితే బంతి వంకర తిరిగి కుడి పక్క చెట్లలోకి పోతుంది. అంటే పొడుగు క్లబ్ పట్టుకోగానే మన స్వింగ్ పాడైపోవడం లేదు. ముందు నుంచీ ఉన్న లోపమే అక్కడ పెద్దదిగా కనిపిస్తోంది.

ఇందులో మొదటి రెండు కారణాలకీ హైబ్రిడ్‌లో జవాబు ఉంది. దీని తల ఐరన్‌లా పలచగా ఉండదు, వుడ్ అంత పెద్దగానూ ఉండదు. బరువంతా ఫేస్‌కి వెనకగా, అడుగు వైపుకి సర్ది ఉంటుంది. అందుకే అంతే లాఫ్ట్ ఉన్న ఐరన్ కంటే బంతిని ఎత్తుగా లేపుతుంది. సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకి తగిలినా తల అంతగా మెలి తిరగదు. నాది టేలర్‌మేడ్ వాళ్ళ రెస్క్యూ, లేడీస్ ఫ్లెక్స్ (తేలిగ్గా వంగే రకం) గ్రాఫైట్ షాఫ్ట్‌తో, అంటే క్లబ్ కర్రతో. నా 7 ఐరన్ గాల్లో ఎనభై యార్డులు పోతే ఇది వంద పోతుంది, పడ్డాక ఇంకో పది పదిహేను దొర్లుతుంది. పెద్ద దూరం కాదు. కానీ నమ్మకంగా వెళ్ళే వంద యార్డులు చేతిలో ఉంటే పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన హోల్) లెక్కే మారిపోతుంది. ఇదివరకు 4 ఐరన్‌తో ఒకటి నేల మీద పరుగెత్తేది, ఇంకొకటి మట్టిలో దిగిపోయేది. ఇప్పుడు వరసగా రెండు షాట్లు బంతి ముందుకే పోతోంది.

అయితే హైబ్రిడ్ కొన్నంత మాత్రాన అది దానంతట అది కొట్టదు. ముడసర్లోవలో మా వెంట నడిచే పెద్దాయన ఒకరున్నారు, చాలా ఏళ్ళుగా క్యాడీ (ఆటగాళ్ళ బ్యాగు మోసే మనిషి). ఆయన నాకు చెప్పిన మాట ఒక్కటే: "మేడమ్, మీరు లేపకండి. దానికదే లేస్తాది." ఈ ఒక్క మాట ఏ వీడియోలోనూ నాకింత సూటిగా దొరకలేదు. బంతి నేల మీద ఉంది, గాల్లోకి పోవాలి, కాబట్టి కింద నుంచి ఎత్తాలి అని చెయ్యి అనుకుంటుంది. అలా ఎత్తబోయినప్పుడు ఒంటి బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. స్వింగ్‌లో క్లబ్ నేలకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే చోటు బంతికి వెనక పడుతుంది. అక్కడ నేల తగిలితే మట్టి లేస్తుంది. తగలకపోతే క్లబ్ అప్పటికే పైకి లేస్తూ బంతి నెత్తిన తగులుతుంది, బంతి పాకుతుంది. రెండూ వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ పుట్టేది ఒక్క చోటే. 25 డిగ్రీల వాలు ఫేస్‌లోనే ఉంది. ముందు కాలి మీదికి బరువు తెచ్చి, క్లబ్‌ని కొంచెం కిందికి దిగుతూ బంతికి తగలనిస్తే చాలు, పైకి పంపే పని ఆ వాలు చూసుకుంటుంది.

కుడిచేతి వాటం వాళ్ళకి నేను వాడే పద్ధతి ఇది. పాదాల మధ్య భుజాలంత ఎడం. బంతి సరిగ్గా మధ్యలో కాదు, అక్కడి నుంచి ఒకటి ఒకటిన్నర బంతుల వెడల్పు ఎడమ పాదం వైపు. చేతులు బంతికి రవ్వంత ముందు. గ్రిప్ గట్టిగా నొక్కకూడదు, నొక్కితే మోచేతులు బిగుసుకుని స్వింగ్ పొట్టిదైపోతుంది. వెనక్కి తీసుకెళ్ళడం ముప్పావు వంతు దాకా చాలు. తొందర పడకుండా పైకి, అదే ఊపులో కిందికి. ముగిసేసరికి నడుము గురి వైపు తిరిగి ఉండాలి, కుడి కాలి మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనాలి. అలా రెండు మూడు క్షణాలు నిలబడగలిగితే షాట్ చాలావరకు బాగానే వచ్చినట్టు. పడబోతున్నామంటే వేగం ఎక్కువైంది. పొడుగు క్లబ్ చేతిలో ఉంది కదా అని బలం పెంచకండి. పొడవు వల్ల తల వేగం దానంతట అదే పెరుగుతుంది, దూరం కోసం వేరే బలం అక్కర్లేదు.

వానాకాలంలో ఈ క్లబ్ విలువ ఇంకా బాగా తెలిసింది. జులై, ఆగస్టుల్లో గడ్డి ఒత్తుగా, తడిగా ఉంటుంది. ఐరన్ మెడకి గడ్డి చుట్టుకుని ఫేస్ తిరిగిపోతుంది. హైబ్రిడ్ గుండ్రటి అడుగు భాగం గడ్డిని పక్కకి నెట్టుకుంటూ జారిపోతుంది. బంతి గడ్డిలో పూర్తిగా మునిగిపోతే మాత్రం దీనితోనూ మొండితనం వద్దు, వెడ్జ్ తీసి ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) మీదికి తెచ్చుకోండి.

హైబ్రిడ్ అంటే బలం లేనివాళ్ళ క్లబ్ అని చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు. మా మావయ్య స్నేహితుడు ఒకాయన నా బ్యాగు చూసి ఆ మాటే అన్నారు. 2009 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి రోజు, అమెరికాలోని హేజెల్‌టైన్ కోర్సులో, టైగర్ వుడ్స్ మీద ఒక్క షాటు ఆధిక్యంతో పద్దెనిమిదో హోల్‌కి వచ్చిన దక్షిణ కొరియా ఆటగాడు వై.ఇ. యాంగ్, రెండు వందల యార్డులు దాటిన దూరం నుంచి 3 హైబ్రిడ్‌తో బంతిని చెట్టు మీదుగా జెండా పక్కకి పంపి, బర్డీ (పార్ కంటే ఒక షాటు తక్కువ) చేసి గెలిచారు. మేజర్ (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) గెలిచిన తొలి ఆసియా పురుషుడు ఆయనే. ఆ షాట్ వీడియో దొరుకుతుంది, చూడండి. పొడుగు దూరానికి హైబ్రిడ్ పట్టుకోవడంలో చిన్నతనం ఏముంది?

ఆడవాళ్ళకి ఇంకా దగ్గరి ఉదాహరణ మన అదితి అశోక్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఒక్క షాటు తేడాతో పతకం పోయింది. ఆ పోటీలో డ్రైవింగ్ దూరం తక్కువున్న వాళ్ళలో ఆమె ఒకరు. మిగతావాళ్ళు పొట్టి ఐరన్లతో గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదికి కొడుతుంటే ఆమె హైబ్రిడ్లు, ఫెయిర్‌వే వుడ్లు తీయాల్సి వచ్చేది. అయినా అప్పట్లో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్న నెల్లీ కోర్డాతో చివరి దాకా పోటీలో నిలబడ్డారు. ఆ నాలుగు రోజులూ టీవీ ముందు కూర్చున్న నాకు, పొడుగు క్లబ్‌తో గ్రీన్ కొట్టడం అంటే చేతగానితనం కాదని అప్పుడే తెలిసింది. నేను ఆట మొదలుపెట్టడానికి సగం కారణం ఆమే.

ఇక 7 వుడ్. ఇది హైబ్రిడ్ కంటే రెండు మూడు అంగుళాలు పొడుగు, తల పెద్దది, అడుగు వెడల్పు. బాగా తగిలితే నా బ్యాగులో దీనంత అందంగా ఎగిరే బంతి ఇంకో క్లబ్‌తో రాదు. ఎత్తుగా లేచి, మెత్తగా దిగుతుంది. గాల్లో నూట పదిహేను యార్డులు వస్తాయి. హైబ్రిడ్‌లాగా దీనితో కిందికి కొట్టకూడదు. వాకిలి ఊడ్చేటప్పుడు చీపురు నేల మీద ఎలా పోతుందో, దీని అడుగు గడ్డి మీద అలా పోవాలి. బంతి ఎడమ మడమ వైపుకి ఇంకొంచెం జరగాలి. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద పెట్టి కొట్టడానికి చాలా సుఖం. టీ నేలకి దాదాపు ఆనించి, బంతి రవ్వంత లేచి ఉండేలా పెట్టుకోండి.

మార్కు తగ్గింది ఎండాకాలంలో. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి పలచబడి నేల గట్టిపడుతుంది. బంతికి ఒక్క అంగుళం వెనక నేల తగిలినా వెడల్పాటి అడుగు ఎగిరిపడి బంతి మధ్యలో కొట్టేస్తుంది. హైబ్రిడ్ అలాంటి నేల మీద కూడా నిలబడుతుంది, ఇది నిలబడదు. కాబట్టి ఒక్కటే కొనగలిగితే హైబ్రిడ్. రెండూ కొంటే వాన, చలి రోజుల్లో 7 వుడ్‌ని ఎక్కువగా వాడుకోండి.

కొనేటప్పుడు క్లబ్ మీద ఉన్న నంబరు చూసి మోసపోవద్దు. నంబర్లకి అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒకరి 4 హైబ్రిడ్ 21 డిగ్రీలు ఉంటే ఇంకొకరిది 23 ఉంటుంది. అడుగున రాసిన డిగ్రీలు చూడండి, రాయకపోతే మోడల్ పేరుతో వెతికి తెలుసుకోండి. షాఫ్ట్ మీద ఆర్ (రెగ్యులర్), ఎస్ (స్టిఫ్, అంటే గట్టిది), ఎల్ (లేడీస్) అని ఉండే అక్షరాలు కూడా అంతే, ఒక బ్రాండ్ రెగ్యులర్ ఇంకో బ్రాండ్ స్టిఫ్‌కి దగ్గరగా ఉండొచ్చు. 7 వుడ్ కోసం నేను మొదట మాట్లాడిన అమ్మకందారు, మగవాళ్ళ షాఫ్ట్‌నే కోసి పొట్టి చేసి లేడీస్ క్లబ్ అని చూపించాడు. అలాంటిది తీసుకోవద్దు. షాఫ్ట్ కోస్తే గట్టిపడుతుంది, తల బరువు చేతికి తెలియకుండా పోతుంది. మెల్లగా ఊపే వాళ్ళకి రెండూ నష్టమే.

సెకండ్ హ్యాండ్ అయితే తల పైభాగంలో వెంట్రుకంత పగులు ఉందేమో వెలుతురులో పట్టి చూడాలి. తలని మెల్లగా తిప్పితే ఎక్కడా కదలకూడదు, ఊపితే లోపల ఏదీ గలగలమనకూడదు. చాలా పెద్ద బ్రాండ్లు షాఫ్ట్ చొరబడే మెడ మీద సీరియల్ నంబరు చెక్కుతాయి. నకిలీలు బాగా తిరుగుతున్నాయి కాబట్టి అది ఫొటో తీసి పంపమని అడగండి. గ్రిప్ గట్టిపడి జారుతుంటే భయపడక్కర్లేదు, మార్చుకోవచ్చు. హైబ్రిడ్ నాకు ఆరు వేలకి వచ్చింది, 7 వుడ్ దానికన్నా కొంచెం ఎక్కువ. కొత్తవి అయితే ఆ డబ్బుకి రెండింతలు దాటుతుంది. మొదటి ఏడాది ఆ తేడా మన ఆటలో కనిపించదు.

ప్రాక్టీసు సామాను గురించి కూడా రాయాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఉండి నేర్చుకునే వాళ్ళకి దీనితోనే ఎక్కువ పని. డాబా మీదికి బంతిని ఆపే నెట్, బంతి పెట్టి కొట్టే చాప ఆన్‌లైన్‌లో తెప్పించాను. నెట్ పర్వాలేదు గానీ అంచుల ఎలాస్టిక్ ఒక్క ఎండాకాలానికే వదులైపోయింది, నైలాన్ తాడుతో మళ్ళీ కట్టించాను. చాప మీద మాత్రం నాకు కోపమే. బంతి వెనక తగిలిన క్లబ్ చాప మీద జారి బంతిని చక్కగా కొట్టేస్తుంది, చప్పుడు కూడా బాగుంటుంది. అదే షాట్ ముడసర్లోవ గడ్డి మీద అయితే మట్టిలో దిగబడుతుంది. అంటే చాప అబద్ధం చెప్తుంది. దీనికి విరుగుడు ఒక పాత తువ్వాలు. మడత పెట్టి బంతికి జానెడు కంటే కొంచెం తక్కువ దూరంలో వెనక పరచండి. తువ్వాలు కదలకుండా బంతి పోతేనే ఆ షాట్ లెక్కలోకి వస్తుంది.

డాబా మీద అసలు బంతి వాడకండి. నలభై ఆరు గ్రాముల గట్టి బంతి నెట్ తప్పించుకుని పిట్టగోడ దాటితే పక్కింటి పిల్లాడి తల పగులుతుంది. ఫోమ్ బంతులు దొరుకుతాయి, అవే చాలు. అయోధ్య మైదానంలోనూ వద్దు, పొద్దున్నే ఎంతోమంది నడుస్తుంటారు. ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడానికి బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా ఉంచి కొట్టండి. తగిలిన చోట ఫేస్ మీద అచ్చు పడుతుంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. నా అచ్చులన్నీ షాఫ్ట్‌కి దూరంగా, ఫేస్ చివరి వైపు పడుతుంటే, నిలబడే చోటు ఒక అంగుళం ముందుకి జరిపాను. సమస్య అక్కడితో తీరింది. ఎవరూ కోచింగ్ ఇవ్వలేదు, ఆ చుక్కే చెప్పింది.

అన్నిటికన్నా మేలు చేసింది మాత్రం పైసా ఖర్చు లేనిది. పూసపాటిరేగ వైపు చింతపల్లి బీచ్‌కి వెళ్ళినప్పుడు హైబ్రిడ్ కూడా తీసుకెళ్తాను. అల వెనక్కి పోయాక గట్టిగా ఉండే తడి ఇసుక మీద, జనం లేని చోట ఒక గీత గీసి, గీత మీద బంతి ఉందనుకుని ఊపుతాను. ఇసుక ఎక్కడ లేచిందో కళ్ళ ముందే కనిపిస్తుంది. గీతకి వెనక లేస్తే బరువు వెనక ఉన్నట్టు, గీత మీదా దాని ముందూ లేస్తే సరిగ్గా ఉన్నట్టు. చాపలాగా ఇసుక ఏదీ దాచదు. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి, ఉప్పు ఉంటే తుప్పు తప్పదు. స్టీల్ షాఫ్ట్ ఉన్న వాటిని బీచ్‌కి తీసుకెళ్ళనే వద్దు.

డ్రైవర్, 3 వుడ్ గురించి క్లుప్తంగా. డ్రైవర్ టీ మీద పెట్టి కొట్టేది కాబట్టి 3 వుడ్ కంటే అదే సులువు. లాఫ్ట్ 12 డిగ్రీలకి తగ్గకుండా తీసుకోండి, బంతి సగం క్లబ్ తల పైకి కనిపించేంత ఎత్తులో టీ పెట్టండి, బంతి ఎడమ మడమకి ఎదురుగా ఉంచండి. ఇక్కడ మాత్రం క్లబ్ కాస్త పైకి లేస్తూ తగలాలి. 15 డిగ్రీల 3 వుడ్‌ని నేల మీద నుంచి కొట్టడం మాత్రం కొత్తవాళ్ళ పని కాదు. సెట్‌లో వచ్చింది కదా అని మోయకండి. రూల్స్ పద్నాలుగు క్లబ్బుల దాకా ఒప్పుకుంటాయి గానీ నా బ్యాగులో ఎనిమిదే ఉన్నాయి, ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు.

ఈ రెండూ ఎవరికి వద్దు అంటే, ఇప్పటికే 5 ఐరన్‌ని ఎత్తుగా, తిన్నగా కొట్టగలిగే వాళ్ళకి. వాళ్ళకి హైబ్రిడ్ బంతిని ఎడమవైపుకి లాగినట్టు అనిపించొచ్చు. మిగతా అందరూ ముందు 5 హైబ్రిడ్ తీసుకుని ఒక సీజన్ ఆడి, తర్వాతే 7 వుడ్ గురించి ఆలోచించండి. నేనైతే ఈసారి 6 ఐరన్ స్థానంలో 28 డిగ్రీల దగ్గర ఉండే 6 హైబ్రిడ్ వెతుకుతున్నాను, లేడీస్ ఫ్లెక్స్‌లో మంచిది దొరికితే దాని మీద కూడా రాస్తాను.